యార్క్ వీధుల్లో బండి నాటకాలు
ఇంగ్లండులోని యార్క్ నగరంలో కోర్పస్ క్రిస్టీ పండుగనాడు చేతిపనుల సంఘాలు బైబిలు కథను వీధిలోకి తెచ్చేవి. నాటకపు బండ్ల ప్రస్తావన 1376 నాటికే ఉంది. సృష్టి మొదలు అంతిమ తీర్పు దాకా ఒక్కో ఘట్టం ఒక్కో బండి మీద, నిర్ణయించిన చోట్ల ఆగుతూ సాగేది. మాటలు దాదాపుగా లాటిన్ రాని జనానికీ తెలిసే ఇంగ్లీషులోనే. ఖర్చు సంఘాలదే. ఘట్టాల పంపకంలో ఉంది చమత్కారం: నోవహు ఓడ కట్టడం ఓడల వడ్రంగులకు, కడరా భోజనం రొట్టెలవాళ్లకు దక్కాయి.

సిలువ ఘట్టం గుండుసూదులు చేసేవాళ్లది. అందులో నలుగురు సైనికులు అచ్చం కూలికొచ్చిన పనివాళ్లే. మేకుల రంధ్రాలు కొలతకు కుదరవు. తాళ్లతో క్రీస్తు చేతులు సాగదీస్తారు. ఎత్తేటప్పుడు నడుం పట్టేసిందని గొణుక్కుంటారు. ఏ ప్రసంగమూ ఇంత సూటిగా తగలదు. మతసంస్కరణ గాలికి 1569తో ఆ ప్రదర్శనలు ఆగిపోయాయి. 1951లో సెయింట్ మేరీస్ మఠం శిథిలాల మధ్య మళ్లీ మొదలయ్యాయి.