ఎర్రగచ్చు మీద మేస్త్రీ చెయ్యి

పుంగనూరులో మా మేనత్త ఇంటి పడసాలలోకి ఎవరు అడుగుపెట్టినా ముందు తల వంచి నేల చూస్తారు. ఎర్రగచ్చు. ఇరవై అడుగుల పొడవు, పద్నాలుగు అడుగుల వెడల్పు, ఎక్కడా అతుకు కనబడదు. చుట్టూ నాలుగు వేళ్ల వెడల్పున నల్లపట్టీ, నడిమధ్య ఎనిమిది రేకుల ఆకుపచ్చ తామర. మధ్యాహ్నం వాకిలి తలుపు తీస్తే ఎదురుగోడ మీది పటాలన్నీ నేలలో తేలతాయి. ఎండాకాలం ఆ గచ్చుకు చెంప ఆనించి పడుకుని పెరిగిన పిల్లలం మేము. ఆ చల్లదనం గురించి చెప్పుకుంటూ పోతే ఈ సంచిక చాలదు.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం. మన పడమటి మండలాల్లో వెనకటి తరం కట్టిన ఇల్లు ఏది తీసుకున్నా ఇలాంటి నేల ఒకటి దొరుకుతుంది. గచ్చు అన్న మాట సిమెంటు కన్నా పాతది. గానుగలో రుబ్బిన సున్నానికి కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు చేర్చి దిమ్మిసతో కొట్టేవాళ్లట. ఇక మామూలు ఇళ్లలో పేడతో అలికి, అంచులకు ఎర్రమన్ను పూసిన మట్టినేలలే. ఆ ఎర్రమన్ను మీది మోజే సిమెంటులోకి వచ్చిందని పెద్దలంటారు, నాకూ అదే నిజమనిపిస్తుంది. పోర్‌బందరులో 1914లో సిమెంటు తయారీ మొదలైంది. మెల్లగా బస్తా మన అంగళ్లకు చేరింది, దాని వెనకే రెడ్ ఆక్సైడ్ పొడి. ఎర్రమన్నుకైనా ఈ పొడికైనా ఎరుపునిచ్చేది ఇనుప ఆక్సైడే. సున్నపు ఘాటుకు చావదు, ఎండకు వెలవదు.

సరుకు సంగతి అంతే. అసలు సంగతంతా చేతిలో ఉంది.

కింద కాంక్రీటు, దాని మీద అంగుళం మందాన ఇసుక సిమెంటు. ఆ పొర గట్టిపడక ముందే, పచ్చిగా ఉండగానే, రంగు పొర పడాలి. ఆ పొర మందం మూడు నాలుగు మిల్లీమీటర్లు, అంతే! మన కళ్లకు కనబడే అందమంతా ఆ కాస్త మందంలోనే ఉంది. సిమెంటు, రంగు పొడిగానే కలిపి గుడ్డలో రెండు మూడుసార్లు జల్లిస్తారు. మూడు పాళ్ల సిమెంటుకు ఒక పాలు రంగు అని పాతవాళ్ల లెక్క. ఎరుపు కోసం ఆశపడి ఇంకా పోస్తే గచ్చు బలం తగ్గుతుంది. గదికి కావలసినదంతా ఒకేసారి కలిపి పెట్టుకోవాలి. మధ్యలో చాలక మళ్లీ కలిపితే ఛాయ మారుతుంది, ఆ గీత ఇల్లున్నంత కాలం ఉంటుంది.

దూరపు మూలలో మొదలుపెట్టి వాకిలి వైపు వెనక్కి వెనక్కి జరుగుతూ వస్తారు. ఆగడానికి లేదు. మా అత్తవాళ్ల పడసాల వేసిన రోజు మేస్త్రీ కోడికూతకు ముందే గచ్చులో దిగి, పొద్దుగుంకాక గడప దాటాడని మామ వందసార్లు చెప్పాడు. మజ్జిగ కూడా మోకాళ్ల మీదే తాగాడట.

పొర పరిచాక తాపీతో రుద్దడం ఉంటుంది చూడండి, విద్యంతా అక్కడుంది. కుప్పం దగ్గర ఒక పల్లెలో డెబ్భై దాటిన మేస్త్రీ ఒకాయన పని చేస్తుంటే పక్కన కూర్చుని చూశాను. బొటనవేలు గచ్చుకు ఆనిస్తాడు. వేలికి చెమ్మ తగలాలి, నేలకు గుంట పడకూడదు. అంతదాకా తాపీ ముట్టడు. "నాయనా, నేలే పిలస్తాది. పిలిచినప్పుడు పోవల్ల. ముందు పోతే గుంట పడతాది, ఆలిస్యమైతే గీత పడతాది" అన్నాడు. మొదట తాపీ కింద బరబరమన్న చప్పుడు, పది పదిహేను చుట్లు తిరిగాక సన్నని ఈల. ఆ ఈల వినబడ్డాకే చెయ్యి తీశాడు. తడి తొందరగా పీల్చాలని పైన పొడి సిమెంటు చల్లేవాళ్లంటే ఆయనకు ఒళ్లు మంట. చల్లితే ఏడాది తిరక్కుండా గచ్చు మీద సాలెగూడులా పగుళ్లొస్తాయి మరి. మరుసటి రోజు గోనెపట్టాలు పరిచి, వారం పది రోజులు నీళ్లు ఆరనివ్వకుండా కాస్తారు. తరువాత కొబ్బరినూనె, కొబ్బరిపీచు, ఇంట్లో ఆడవాళ్ల చేతి రాపిడి.

మొరాకోలో తడి సున్నాన్ని నున్నని రాయితో రుద్ది, ఆలివ్ నూనె సబ్బుతో మెరుగుపెట్టే తాదెలాక్త్ అనే పని ఉంది. దాన్ని చూడటానికి లోకమంతా పోతుంది. కేరళలో లారీ బేకర్ కట్టిన ఇళ్లలోని ఎర్రగచ్చును పుస్తకాల్లో అచ్చేశారు. మంచిదే. కానీ మన మేస్త్రీలు సిమెంటు ఆరేలోపు తామరరేకులు తీర్చి, పట్టీని నూలుదారమంత తిన్నగా నిలబెట్టారు. వాళ్ల పేరు ఒక్క గోడ మీదా లేదు. నా మట్టుకు మన గచ్చు ఎవరికీ తీసిపోదు.

ఇప్పుడు కోపం వచ్చే మాట. మదనపల్లెలో మా సొంత ఇంటి గచ్చు మాసిపోయిందని ఒక కాంట్రాక్టరును పిలిచాను. అతను మొజాయిక్ రుద్దే మిషను తెచ్చి ఆన్ చేశాడు. గంటలో నట్టింట్లో చాపంత మేర బూడిదరంగు బయటపడింది. మూడు మిల్లీమీటర్ల పొర మీద రాళ్ల మిషను పెడితే ఏం మిగులుతుంది? మా నాయన నడిచిన నేల అది. ఈ రోజుకీ అక్కడ చాప పరిచే ఉంచుతాం.

పాత గచ్చుకు మిషను వద్దు, యాసిడ్ అసలే వద్దు. యాసిడ్ సిమెంటునే తినేస్తుంది. కుంకుడు నీళ్లతో కడిగి జిడ్డు తీయండి. సన్నని పగుళ్లుంటే బ్లేడుతో కాస్త విప్పి, సిమెంటు, రంగు ముద్ద చేసి నింపండి. తడిగా ఉన్నప్పటి ఛాయ ఆరాక తేలిపోతుంది కనుక ముందు పెంకు మీద పూసి, ఆరనిచ్చి, రంగు కలిసిందో లేదో చూసుకోవాలి. ఆ నింపినచోట వాటర్ పేపరుతో తడిగా, చేత్తోనే, మెల్లగా రుద్దండి. రెండు మూడు రోజులు పూర్తిగా ఆరాక తేనెమైనం. మైనం గిన్నెను వేడినీళ్ల గిన్నెలో పెట్టి కరిగించి, పొయ్యి ఆర్పేశాక, మంటకు దూరంగా టర్పెంటైన్ కలపాలి. చిటికెడు రంగు చాలు, ఎక్కువైతే పాదాలకు అంటుతుంది. పాత నూలుగుడ్డతో పలచగా పూసి, కాసేపాగి, మెరుపొచ్చేదాకా తుడవడమే. ఒక గదికి ఒక ఆదివారం పడుతుంది. ఇంటిల్లిపాదీ కూర్చుంటే పూటలో అయిపోతుంది.

ఇంత సులువైన పని వదిలేసి జనం గచ్చు మీద ఎర్ర పెయింటు పూయిస్తున్నారు! ఆరునెలలకు పొట్టు లేస్తుంది. లేదంటే గచ్చు పగలగొట్టి మోర్బీ టైల్సు పరుస్తున్నారు, పైగా వాటిలో ఆక్సైడ్ నేల బొమ్మ అచ్చేసినవి. అద్దకపు రంగు కలిపిన పొడిని ఆక్సైడ్ అని అమ్మేవాళ్లూ ఉన్నారు. గాజుగ్లాసు సున్నపు తేటలో చిటికెడు వేసి రాత్రంతా ఉంచండి. అసలు ఆక్సైడ్ అడుగుకు దిగి పైన నీళ్లు తేటగా ఉంటాయి, నీళ్లకు రంగు పట్టిందంటే మోసం. ఇక కుప్పం మేస్త్రీగారి మనవడు బెంగళూరులో టైల్సు అతికే పనికి పోతున్నాడు. తప్పు ఆ పిల్లవాడిది కాదు. తాత పనికి పిలిచేవాళ్లు ఏడాదికి ఇద్దరు కూడా లేరు. ఆయన తాపీ అంచు నలభై ఏళ్ల రాపిడికి అరిగి కొడవలిలా వంగింది, దాన్ని పట్టుకునే చెయ్యి ఇంట్లో ఇంకొకటి లేదు.

మీ ఊళ్లో ఇలాంటి మేస్త్రీ ఉంటే ఒక్క వంటింటి గచ్చుకైనా పిలవండి. పిల్లలను పక్కన కూర్చోబెట్టి చూపించండి. మీ తాతగారి ఇల్లు పడగొట్టాలనే అనుకున్నా, సుత్తి ఎత్తకముందు బీరువా వెనక, ఎవరూ తొక్కని మూల ఒకటుంటుంది కదా, అక్కడ తడిగుడ్డ వేసి తుడిచి, కాస్త కొబ్బరినూనె రాసి చూడండి.