గిటారు సభాముఖమునకు వచ్చిన వేళ

పాశ్చాత్య సంగీతమున ‘న్యూ వేవ్’ అను పేర ప్రసిద్ధి కెక్కిన బ్రిటిష్ బృందములు పెక్కు సింథసైజరును చేపట్టి గిటారును వెనుకకు నెట్టిన కాలమున, గ్లాస్గో నగరమున 1977లో పుట్టిన సింపుల్ మైండ్స్ బృందము ఆ వాద్యమును విడనాడక, కీబోర్డుల నాదములో లీనము చేసి, వినువారికి అది తంత్రీధ్వనియో యంత్రధ్వనియో తేల్చుకొనరానంత సున్నితముగా పలికించుచు వచ్చినది. 1982 నాటి ‘న్యూ గోల్డ్ డ్రీమ్’ ఆల్బమున బృందపు గిటారు వాద్యకారుడు చార్లీ బర్చిల్ నిండు కార్డులను అరుదుగా మీటినాడు. రెండు మూడు స్వరముల చిన్న పలుకును ప్రతిధ్వని యంత్రమునకు అప్పగించి, దాని మారుమ్రోత అణగువరకు చేయి ఆపుకొనెడివాడు. ఈ నిగ్రహమే ఆ బృందము యొక్క అసలు విద్య యని నా దృఢవిశ్వాసము. వారు రాక్ బాణీకి మరలినప్పుడు ఆ విద్య యేమైనదన్నదే ఆలోచింపదగిన విషయము.

1984 ఫిబ్రవరిలో వెలువడిన ‘స్పార్కిల్ ఇన్ ది రెయిన్’ స్వదేశమున వారికి అగ్రస్థానము నార్జించిన మొదటి ఆల్బము. దాని నిర్మాత స్టీవ్ లిల్లీవైట్ అంతకుముందే యూటూ బృందము తొలి మూడు ఆల్బములను తీర్చినవాడు. 1980లో వెలువడిన పీటర్ గేబ్రియల్ ఆల్బము కొరకు లండను టౌన్‌హౌస్ స్టూడియోలో, ఇంజినీరు హ్యూ పాడ్గమ్, డ్రమ్మరు ఫిల్ కాలిన్స్‌లతో కూడి డ్రమ్ముకు నూతన కంఠమును కల్పించినవాడు. ఆ విధానమును కొంచెము వివరింపవలెను. ధ్వనిని మ్రింగక తిరుగగొట్టు గోడలుగల గదిలో డ్రమ్ము మ్రోగించి, దూరమున నిలిపిన మైకుతో గది మ్రోతను సైతము పట్టి, యంత్రముచే దానిని ఒత్తి బలపరచి, అది సహజముగా క్షీణింపకమునుపే ‘గేట్’ అను పరికరముతో తటాలున కోసివేయుదురు. దెబ్బ మహాఘోషతో వినబడును, మరుదెబ్బలోపల నిశ్శబ్దము నెలకొనును; ఆ నిశ్శబ్దముననే గిటారుకు తావు దొరకును. గిటారు బిగ్గరయగుటకు వాద్యకారుని ఆవేశమే కారణమని తలచువారు ఈ సూక్ష్మమును గమనింపరు. బృందమున కొత్తగా చేరిన డ్రమ్మరు మెల్ గేనర్ చేతి బిగువు దీనికి సరిగా అమరినది.

ఆ ఆల్బములోని ‘వాటర్‌ఫ్రంట్’ పాట వినినచో సంగతి తేటపడును. బాసు గిటారుపై డెరిక్ ఫోర్బ్స్ ఒకే ఒక స్వరమును పట్టి, ప్రతిధ్వనితో దానిని ద్విగుణీకరించి, పాట పొడవునా కదలక నిలిచినాడు. తంబుర శ్రుతికి అలవడిన మన చెవికి ఈ ఉపాయము పరాయిది కాదు. షడ్జము స్థిరముగా నుండగా పైని కార్డులు మారినకొలది, మారని ఆ స్వరమే క్షణక్షణమును క్రొత్త భావము ధరించుచున్నట్లు తోచును. బర్చిల్ ఇచ్చట నిండుగనే మీటును. నిగ్రహ మెక్కడికిని పోలేదు, గిటారు నుండి బాసునకు చేతులు మారినదంతే. క్లైడ్ నదీతీరమున క్షీణించిన నౌకానిర్మాణమును తలచి గాయకుడు జిమ్ కెర్ వ్రాసిన గీతమది. దానికి సుకుమారమైన సింథసైజరు చాలదు, ఇనుము మ్రోగవలెను. ఆ పాట వీడియో చిత్రణమునకై తెరచిన గ్లాస్గోలోని బారోలాండ్ నృత్యశాల పిమ్మట ఆ నగరమున ప్రసిద్ధ సంగీతవేదిక యైనది.

వారు యూటూను అనుకరించిరని కొందరు నిందించిరి. నిర్మాత యొక్కడే, 1983 ఆగస్టులో డబ్లిన్ ఫీనిక్స్ పార్కున ఇరుబృందములును ఒకే వేదిక నెక్కినవి, పోలిక లేకపోలేదు. ఐనను గిటారు ఎంత చెలరేగినను దాని వెనుక మిక్ మెక్‌నీల్ కీబోర్డు పరచెడి వర్ణవితానము యూటూకు లేనిది, దానిని విననివారే అనుకరణ మనగలరు.

1985లో వారికి అమెరికాలో అగ్రస్థానము దెచ్చిన ‘డోంట్ యూ’ పాట ‘ది బ్రేక్‌ఫాస్ట్ క్లబ్’ చిత్రమునకై కీత్ ఫోర్సీ, స్టీవ్ షిఫ్ రచించినది. ఆ యేడే ఫోర్బ్స్ బృందమును వీడినాడు. జిమ్మీ అయోవీన్, బాబ్ క్లియర్‌మౌంటెన్ నిర్మించిన ‘వన్స్ అపాన్ ఎ టైమ్’ ఆల్బము వేలకొలది జనము నిండిన క్రీడాప్రాంగణములకు తగిన విశాలధ్వనితో వచ్చినది. కాని అందు ప్రతి వాద్యమును ప్రతి క్షణమును నింపగోరును, దెబ్బకు దెబ్బకు నడుమ ఊపిరికి చోటు లేదు. ఆ ఆల్బమున నేను మరల మరల వినునది ‘అలైవ్ అండ్ కికింగ్’ ఒక్కటే. అందు కీబోర్డే పాటను నడిపించును, గిటారు తన వంతుకై వేచియుండును.