కనుపాప: మాట, మూలము, ప్రసంగము

ద్వితీయోపదేశకాండము 32:10, కీర్తన 17:8, సామెతలు 7:2 వచనములలో మన తెలుగు బైబిలు "కనుపాప" అను మాటను వాడినది. వీటిపై ప్రసంగించునప్పుడు మనలో కొందరు 1611 నాటి ఆంగ్ల అనువాదములోని "ఆపిల్" అను మాటను పట్టుకొని, విశ్వాసి దేవునికి ప్రియమైన ఫలమని వివరించుచున్నారు. ఈ వివరణ నిలువదు. పాత ఆంగ్లములో ఆ మాట కంటిలోని నల్లగుడ్డుకు కూడ పేరు. హెబ్రీ మూలములో పండు లేదు.

అక్కడున్న మాట "ఈషోన్". "ఈష్" అనగా మనుష్యుడు గనుక, దీనికి "చిన్న మనిషి" అని అనేకులు అర్థము చెప్పుదురు. ఎదుటివాని కంటిలో మన రూపము చిన్నదై కనబడును గదా! అయితే సామెతలు 7:9లో ఇదే మాట రాత్రి చీకటికి వాడబడినది. కాబట్టి "కంటి నడిమి నలుపు" అను అర్థమును త్రోసివేయలేము. వ్యుత్పత్తి ఒక్కదానిమీదనే ప్రసంగము కట్టుట క్షేమము కాదు. కీర్తన 17:8లో దీనితో "బత్ ఆయిన్", అనగా "కంటి కుమార్తె", అను మాట చేరియున్నది.

గ్రీకు "కొరే", లాటిన్ "పుపిల్లా", సంస్కృత "కనీనిక" అను మాటలు బాలికకును కనుపాపకును చెల్లును. తమిళ "పావై" బొమ్మకును కనుపాపకును పేరు. మన "పాప"యు ఈ వరుసలోనిదే. సంస్కృతమునుండి వచ్చిన "పాపము"నకు దీనితో సంబంధము లేదు. ఆ రెంటిని ముడిపెట్టి బోధించుట తప్పు.

ఇది పదముల చర్చ మాత్రమేనా? నల్లమాడ వంటి కరవు సీమలో, వేరుసెనగ ఎండిపోయిన యేట, "మీరు దేవునికి ప్రియమైన ఫలము" అని చెప్పిన కాపరిని "మరి వాన ఏది?" అని సంఘము అడుగును. ద్వితీయోపదేశకాండము 32:10 వాన వచ్చునని చెప్పుట లేదు. దేవుడు తన జనమును కనుగొని కాపాడినది ఎడారిలోనే అని చెప్పుచున్నది. విలాపవాక్యములు 2:18లో ఆ "కంటి కుమార్తె"యే ఏడ్పు మానకూడదని ఆజ్ఞ పొందెను; మరుసటి వచనములో ఆకలితో సొమ్మసిల్లు పసిపిల్లల ప్రాణముకొరకు చేతులెత్తుమని పిలుపు కలదు.

కాబట్టి కనుపాపను గూర్చి బోధించు కాపరి, తన ఊరి పాపల ఆకలిని విడిచి ఆ వచనమును ముగింపరాదని మా అభిప్రాయము.