ఎడమచేత అన్న, కుడిచేత తమ్ముడు

వీడియో గేము కథ చెప్పబూనినపుడు సాధారణముగా చలనచిత్రమునకు శిష్యురాలగును. కొంతసేపు ఆట సాగిన పిమ్మట అది నిలిచిపోయి, పాత్రలు తమలో తాము సంభాషించుకొనుచుండగా ఆడువాడు చేతులు ముడుచుకొని చూచుచుండవలసినదే. ఈ యెరవు పద్ధతిని త్రోసిపుచ్చి, కథను ఆడువాని వ్రేళ్లకే అప్పగించిన కృతి, స్వీడను దేశపు స్టార్‌బ్రీజ్ సంస్థ నిర్మింపగా 2013లో వెలువడిన ‘బ్రదర్స్: ఎ టేల్ ఆఫ్ టూ సన్స్’. విచిత్రమేమనగా, దీని దర్శకుడైన జోసెఫ్ ఫారెస్ చలనచిత్రరంగము నుండి వచ్చినవాడే. బేరూతులో జన్మించి, బాల్యముననే స్వీడను చేరినవాడు.

ఇతివృత్తము మన పేదరాసి పెద్దమ్మ కథలకు దూరపుది కాదు. తండ్రి వ్యాధిగ్రస్తుడు, జీవవృక్షజలమును తెచ్చుటకై కొడుకులిద్దరు బయలుదేరుదురు. తల్లి నీట మునిగి మరణించుట చూచిన తమ్మునికి నీరనిన భయము. పాత్రలు పలుకునది కల్పితభాష. ఒక్క ముక్కయు అర్థము కాదు, కానక్కరయు లేదు.

కంట్రోలరునందలి యెడమ స్టిక్కు అన్నను, కుడి స్టిక్కు తమ్ముని నడుపును. ఒక్కొక్కనికి ఒక్కొక్క మీట. బలిష్ఠుడైన యన్న బరువైన మరను త్రిప్పవలెను, సన్నని తమ్ముడు కమ్మీల సందున దూరవలెను. ఒకడు కాటుకుక్కను తనవైపు మరల్చుకొనినగాని వేరొకడు పొలము దాటలేడు. ఒకే త్రాటికి కట్టుకొని యెక్కునపుడు ఒకడు పట్టు విడువక నిలిచినగాని రెండవవాడు ఊగి అవ్వలికి చేరలేడు. సవ్యసాచులము కాని మనకు తొలుత చేతులు రెండును కలహించును. అన్నను నడుపబోయి తమ్ముని గోడకు కొట్టుదుము. చిక్కుముడులు కఠినములు కావు. పజిళ్ల పండితులు పెదవి విరిచినను ఆశ్చర్యము లేదు. అయినను క్రమముగా చేతులకు సఖ్యము కుదురుకొలది, సోదరుల సఖ్యము తెరమీది విషయము కాక మన దేహమునకు అలవడిన విద్య యగును.

(ఆట నాడగోరువారు ఈ పేరాను దాటిపోవచ్చును.) తుదకు అన్న మరణించును. ఆ దేహమును గోతిలోనికి దించి మన్ను కప్పుట కూడ మనమే మీట నొక్కి చేయవలెను. అంతటితో ఎడమచేతికి పని తప్పును. ఇంటిత్రోవలో నీరు అడ్డుపడును. ఏనాడును అన్న వీపు పట్టుకొనియే యీదిన తమ్ముడు, కుడి మీట నెంత నొక్కినను దిగడు. అప్పుడు, ఊరకున్న యెడమచేయి అన్న మీటను నొక్కినంతనే, తమ్ముడు నీట దిగి యీదును. వివరించువా రెవ్వరును లేరు. నవలకు గాని సినిమాకు గాని ఈ పని సాధ్యము కాదని నా నిశ్చయము. ఏలన, అచ్చట మృతుని లోటు పాఠకుని చేతికి తగులదు.

2014లో బాఫ్టా వారు ఈ యాటకు నూతనకల్పనా పురస్కారము నిచ్చిరి. అటుపిమ్మట ఫారెస్ హేజ్‌లైట్ సంస్థను నెలకొల్పి, ఇద్దరు కూడినగాని సాగని ‘ఇట్ టేక్స్ టూ’ను 2021లో వెలువరించి గొప్ప ఖ్యాతి గడించెను. 2024లో నూతనరూపమున వచ్చిన ‘బ్రదర్స్’లోను ఇద్దరు చెరియొక సోదరుని పంచుకొని యాడు సదుపాయము కలదు. ఆ సదుపాయమును తొలిసారి వాడుకొనవలదని పాఠకులకు నా మనవి. మూడు నాలుగు గంటల యాట. ఒంటరిగా, మీ రెండు చేతులతోడనే ముగింపుడు.