మేనత్తల చరిత్రలో మరుగుపడిన తల్లి

అమెరికాలో బానిసత్వ నిర్మూలనోద్యమ చరిత్ర చదివినవారికి గ్రింకే సోదరీమణులు సుపరిచితులు. దక్షిణ కరోలినాలోని చార్ల్‌స్టన్ నగరంలో, బానిసల శ్రమపై వర్ధిల్లిన కుటుంబంలో జన్మించిన సారా, ఏంజెలీనాలు ఆ ఇంటిని విడిచి ఉత్తరాదికి పోయి, 1830 దశకంలో ఆ వ్యవస్థను బహిరంగ సభలలో ఖండించినారు. వారి సాహసాన్ని తక్కువ చేయ నవసరం లేదు.

అయితే వారి సోదరుడు హెన్రీకి నాన్సీ వెస్టన్ అనే బానిస స్త్రీయందు ఆర్చిబాల్డ్, ఫ్రాన్సిస్, జాన్ అనే కుమారులు కలిగినారు. తల్లి బానిస అయితే బిడ్డయు బానిసయే అన్నది నాటి శాసనం. 1852లో హెన్రీ మరణించిన కొన్నేండ్లకు అతని తెల్లజాతి కుమారుడు మాంటేగ్ ఈ సవతి తమ్ములను నౌకరులుగా వాడుకొన్నాడు, ఫ్రాన్సిస్‌ను విక్రయించినాడు. 1868లో లింకన్ విశ్వవిద్యాలయంలో గ్రింకే అనే నల్లజాతి విద్యార్థి ఉన్నాడని పత్రికలో చదివి, ఏంజెలీనా అతనికి లేఖ వ్రాసింది. నిజం తెలిసి అక్కచెల్లెండ్రు ఆ యువకులను తమవారిగా అంగీకరించి, వారి చదువుకు తోడ్పడినారు.

ఈ ఘట్టాన్ని అత్తల ఔదార్యగాథగా చెప్పడం పరిపాటి. 2022లో కెర్రీ గ్రీనిడ్జ్ ప్రకటించిన గ్రింకే కుటుంబ చరిత్ర ఆ దృష్టిని ప్రశ్నించి, నల్లజాతి శాఖను కథ నడుమ నిలిపింది. అట్టి ప్రశ్న అనువాదకునికి మరొక దారిన ఎదురవుతుంది. ఇంగ్లీషులో ఒక్క మాటతో సరిపోయే బాంధవ్యాన్ని తెలుగులోకి గాని హిందీలోకి గాని తెచ్చేటప్పుడు స్పష్టంగా నిర్ణయించుకోక తప్పదు. సారా, ఏంజెలీనాలు ఆ బాలురకు మేనత్తలు, హిందీలో బువాలు. ఇంతవరకు చిక్కు లేదు. మరి నాన్సీ వారికి ఏమవుతుంది? హెన్రీ ఏంజెలీనాకు అన్న, సారాకు తమ్ముడు. మన లెక్కన ఆమె ఒకరికి వదిన, మరొకరికి మరదలు కావలెను. కాని బానిస స్త్రీకి వివాహ హక్కే లేని చోట, యజమానికి ఆమె ఎదురు చెప్పజాలని చోట, ఆ మాట వ్రాయడానికి కలం ఆగుతుంది. వ్రాస్తే అన్యాయం కప్పబడుతుంది. వ్రాయకుంటే ఆమె మరల పరాయిదవుతుంది.

ఆర్చిబాల్డ్ హార్వర్డులో న్యాయశాస్త్రం చదివి, గారిసన్, సమ్నర్ అనే తెల్లజాతి ఉద్యమనాయకుల జీవితచరిత్రలను 1891, 1892లలో వ్రాసినాడు. 1880లో పుట్టిన తన కుమార్తెకు ఏంజెలీనా అని మేనత్త పేరే పెట్టుకొన్నాడు. ఆమె కవయిత్రి, నాటకకర్త్రి అయినది. ఋణం తీర్చుకోవడం వారికి తెలుసు. మేనత్తలు గుర్తించిన నాటికే ఆ బాలురు కళాశాలకు చేరినవారు. అంతవరకు వారిని పెంచినది తల్లి. గుర్తింపు నుండి కాక పెంపకం నుండి ఈ కథను ప్రారంభించినప్పుడే ఆ కుటుంబచరిత్ర సమగ్రమవుతుంది.