దైవపరిహాసమునకు మేర

పరిహాసము కావ్యమునకు దూష్యము గాదు. భరతముని హాస్యమును రసములలో జేర్చి, దానిని స్మితము, హసితము, విహసితము, ఉపహసితము, అపహసితము, అతిహసితము అని యాఱు తెఱగులుగా విభజించెను. మొదటి రెండును ఉత్తములకు, నడిమి రెండును మధ్యములకు, కడపటి రెండును అధములకు జెల్లునని యాతని మతము. ఈ విభాగము నవ్వువాని తారతమ్యమును దెలుపును గాని, నవ్వబడు వస్తువు దైవమైనపుడు ఎంతవఱకు నవ్వవచ్చునో చెప్పదు. ఆ సమాధానమును లక్ష్యములందే వెదకవలెను. అట్టి లక్ష్యములు 2016లో నేర్పడిన జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలలోనే సమృద్ధిగా దొరకుట విశేషము. పాల్కురికి సోమనాథుని పేరితోడి పాలకుర్తియు, పోతన యింటిపేరితోడి బమ్మెరయు జనగామలోనివి. కురవి వీరభద్రాలయము మహబూబాబాదులోనిది, కాళేశ్వరము భూపాలపల్లిలోనిది.

మొదట కాళేశ్వరమును గైకొందము. గోదావరీ ప్రాణహితల సంగమము చెంతనున్న యీ క్షేత్రమున నొక్క పానవట్టముమీద రెండు లింగములు గలవు. ఒకటి కాలునిది, రెండవది ముక్తీశ్వరునిది. స్థలకథ యిట్లుండును: ముక్తీశ్వరుడు దర్శించినవారికెల్ల ముక్తి నొసగుచుండగా యమునకు బని లేకపోయెనట. అతడు వచ్చి మొఱపెట్టుకొనగా, తన ప్రక్కనే నిలిచి తొలిపూజ గైకొమ్మని శివుడు వరమిచ్చెనట. మృత్యుదేవతను బని పోయిన యుద్యోగివలె జూపిన యీ కథను భక్తులే చెప్పుకొందురు. విని యెవ్వరును నొచ్చుకొనరు. ఇందు నవ్వు గలదు, కించపాటు లేదు. నవ్విన పిదప యమునియెడ భయము కొంత సడలును గాని గౌరవము సడలదు.

సోమనాథుని బసవపురాణమున నీ నవ్వు మఱింత లోతునకు బోయినది. బెజ్జమహాదేవి శివునకు దల్లి లేకపోయెనే యని వగచి, తానే తల్లియై శిశువునకు వలె నుపచారములు చేసెను. రుద్రపశుపతి, శివుడు విషము ద్రావెనని పురాణమున విని, ఎప్పుడో జరిగిన దానికి నేడు హడలి, దానిని గ్రక్కినగాని బ్రదుకనని నీట దిగెను. గొడగూచి తాను దెచ్చిన పాలు శివుడు త్రాగలేదని బిట్టేడ్చెను. ఈ ముగ్ధభక్తుల చేష్టలు చదువరికి నవ్వు పుట్టించును. కాని యా నవ్వు ముగిసినచోట కన్ను చెమర్చును. వారి తెలివి తక్కువయని నవ్వినవాడు వారి భక్తి యెక్కువయని గ్రహించి తలవంచును. నవ్వు చదువరిమీదికే మరలుచున్నది.

నిందాస్తుతి మఱియొక మెట్టు. కాసుల పురుషోత్తమకవి ఆంధ్రనాయకశతకమున శ్రీకాకుళాంధ్రదేవుని నిందించినట్లే నిందించి స్తుతించెను. కంచెర్ల గోపన్న చెఱలోనుండి, చేయించిన నగలకు లెక్కలు చెప్పి రాముని దూఱి, ఆ కీర్తనముననే, దెబ్బలకోర్వలేక తిట్టితినని క్షమాపణ వేడెను. ఆలంకారికులు దీనిని వ్యాజస్తుతి యందురు. వ్యాజము తొలగింపగా స్తుతి మిగులవలెను. మిగులనిచో నది యలంకారము గాదు, ఒట్టి తిట్టు.

ఇక మాటలను బట్టియే మేర నిర్ణయింపరాదని చూపుటకు పోతన చతుర్థస్కంధము చాలును. ప్రజాపతుల సత్రమున శివుడు తనకు లేచి మ్రొక్కలేదని దక్షుడు నిండుసభలో నాతని దూషించెను: శ్మశానవాసి, భూతములతో దిరుగువాడు, ఎముకలు దాల్చువాడు. ఈ విశేషణములలో నొక్కటియైనను శివకవుల స్తోత్రములందు లేనిది గాదు. పదములు అవియే, భక్తుని నోట నవి పూజ, దక్షుని నోట నవి విషము. భేద మెక్కడ? భక్తుడు తన్ను దక్కువ చేసికొని పలికెను. దక్షుడు తన్ను హెచ్చు చేసికొనుటకు బలికెను. భక్తుడు దైవముతో మాటలాడెను. దక్షుడు సభకు వినిపించుటకై మాటలాడెను.

అటుపిమ్మట జరిగినది యింతకంటె ముఖ్యము. నందీశ్వరుడు కోపించి దక్షుని మాత్రమేగాక యాతని ననుసరించినవారి నెల్ల శపించెను. భృగువు ప్రతిగా శివవ్రతముల బట్టినవారి నెల్ల శపించెను. ఒక్క మామకు నొక్క యల్లునికి బుట్టిన వైరము రెండు తెగల వైరమైనది. శాపము తగిలినవారిలో ఆ సభను గన్నెత్తియైనను జూడనివారే పెక్కుమంది. పరిహాసము ఒకని నడవడిని విడిచి యొక జనసమూహమునెల్ల బట్టుకొన్న క్షణమే అది మేర దాటినదని యిందువలన దెలియును. శివుడో, బదులు పలుకక, చిన్నవోయి యచ్చోటు వీడెను.

నొచ్చినవారికిని మేర గలదు. సతి దేహత్యాగము చేసిన పిదప వీరభద్రుడు యజ్ఞశాల జొచ్చి, దక్షుడు దూషించునపుడు పండ్లిగిలించి నవ్విన పూషుని పండ్లు రాల్చెను. కనుసన్న చేసిన భగుని కన్నులు పెఱికెను. నవ్వినందులకే యింత శిక్ష! కురవిలో నేటికిని పూజలందుకొను నా వీరభద్రుని శౌర్యమును గొనియాడువారు కథను అచ్చటనే ముగింపరాదు. శివుడు దక్షుని బ్రదికించి, మేకతల నొసగి, పూషునికి భోజనమునకును భగునికి జూపునకును దారి గల్పించి, యాగమును బూర్తి చేయించెను. అవమానము పొందినవాడే శిక్షను దగ్గించినాడు. దైవము తరపున గోపించువారు దైవముకంటె నెక్కువ గోపింపరాదను నీతి యిందు గలదు.

ఈ కొలతతో సోమనాథుని గొలిచినచో నాతనికిని లోపము చెప్పక తప్పదు. ముగ్ధభక్తుల కథలందు అంత మెత్తనైన యాతని నవ్వు, జైనుల ప్రసంగము వచ్చినప్పుడు గరకెక్కును. ఏకాంతరామయ్య కథలో నా మతస్థుల యోటమి కవికి వేడుక. అచ్చట నవ్వు చదువరిమీదికి మరలదు, పరాజితునిమీదనే నిలిచిపోవును. మహాకవి యగుటచేత నది గుణము గాదు.

అట్లయిన భక్తునికే పరిహాసాధికారము, పరునికి లేదని చెప్పవచ్చునా? చెప్పరాదు. వేమన శైవుల, వైష్ణవుల, జోగుల నందఱిని బరిహసించెను. ఆతడు నవ్వినది డంబమును గాని, పేదవాని మ్రొక్కును గాదు. మతము పేర జరుగు నన్యాయమును నవ్వుటకు మతస్థుడే కానక్కఱలేదు. అధికారము గలవానిని నవ్వుట విమర్శ. బలము లేనివాని నమ్మికను నవ్వుట హింస.

శాసనమును ఉద్దేశమునే ప్రధానముగా గైకొన్నది. లాహోరున వెలువడిన యొక చిన్నపుస్తకము రేపిన కలహము పిదప, 1927లో శిక్షాస్మృతిలో 295-ఎ సెక్షను చేరెను. బుద్ధిపూర్వకమును దుర్భావపూరితమును అగు నవమానమునకే యది వర్తించునని సుప్రీంకోర్టు 1957లో దీర్పు చెప్పెను. 2013లో నొక పత్రిక ముఖచిత్రమున క్రికెట్టు ఆటగాడు ధోనీని విష్ణురూపమున జూపగా, అనంతపురమున దాఖలైన ఫిర్యాదును 2017లో నా న్యాయస్థానమే కొట్టివేసెను. 2024 జూలై 1 నుండి అమలునందున్న భారతీయ న్యాయసంహితలో 299వ సెక్షను ఆ విధినే నిలిపినది. కాని శాసనము నేరమునకు మేర గీయును, ఔచిత్యమునకు గీయదు. శిక్షార్హము గానిదెల్ల యోగ్యమని తలచుట పొరపాటు.

ఔచిత్యము శ్రోతను బట్టియు నుండును. కాళేశ్వరపు కథ విన్నవారు కాళేశ్వరుని భక్తులే. నేడో, నలుగురిలో నన్న మాట క్షణములో నూరూళ్లకు బ్రాకుచున్నది. చెప్పినవాని చిఱునవ్వు, గొంతులోని చనవు దానివెంట బోవు. వ్యాజము తొలగిపోక, స్తుతియే తొలగిపోవుచున్నది. మహబూబాబాదు జిల్లాలోని దోర్నకల్లున 1939లో బ్రతిష్ఠితమైన క్రైస్తవ దేవాలయమున, హిందూ మహమ్మదీయ శిల్పరీతులు గూడ గలసియున్నవి. పలువురి కంటికి నింపుగా గట్టుట యెట్టిదో, పలువురి చెవికి నొప్పింపక పలుకుట యట్టిదే. అది నవ్వు మానుట గాదు.

కావున పరిహాసమును బరీక్షింపగోరువారు మూడు ప్రశ్నలు వేయవలెను. నవ్వు నడవడిమీదనా, జనులమీదనా? నవ్వినవాడు తన్నుగూడ నందు జేర్చుకొన్నాడా? నవ్వబడినవాడు ఆ సభలో గూర్చుండియున్నచో నా మాట యట్లే పలుకబడునా? పోతన సభలో శివుడు కూర్చుండియే యున్నాడు. అయినను దక్షుడు పలికెను. యజ్ఞము చెడినది అచ్చటనే.