గోడలోని పెట్టె

కొత్త యింట దీపమును, పంకాను మెచ్చుకొనువారే కాని, వాని స్విచ్చులను కడుపున మోయుచు గోడలో దాగియుండు ఇనుపపెట్టెను తలచువారరుదు. మా యింటికి వచ్చిన ఎలక్ట్రీషియను అంగడిలో ప్రతి పెట్టెను బొటనవ్రేలితో నొక్కి, వంగినదానిని మారుమాటాడక తిరిగి యిచ్చెను. జింకుపూత మూలల వరకు పట్టినదా, మరలు బిగించు చెవులు గట్టివా, 16 ఆంపియర్ల సాకెట్టుకు వచ్చు లావుతీగలు నలగక యిముడునంత లోతు కలదా యని యతడు పరిశీలించిన తీరు రత్నపరీక్షకు తీసిపోదు.

పిదప రసమట్టముతో గీత గీచి, గాడి తొలిచి, గోడపూత యెంత మందము రానున్నదో తాపీమేస్త్రి నడిగి, అంతమేర అంచును ముందునకు నిలిపి, పెట్టెను సిమెంటుతో బిగించెను. లోనికి జారినచో పొడవుమరలు వెదకుకొనవలెను. ముందునకు పొడుచుకొనివచ్చినచో పైపలక గోడకు కుదురుగా అంటదు. పూతపని వేళ సిమెంటు లోన చొరకుండ పాత వార్తాపత్రికలను కుక్కెను. ఆ పత్రికలకు అంతకంటె సార్థకమైన వినియోగమును నేనెరుగను. తీగ తెగి పెట్టెకు తగిలినను విద్యుత్తు మనిషిని కాక భూమినే చేరవలెను గనుక, తుదకు ఆకుపచ్చని ఎర్తుతీగను పెట్టెమరకు చుట్టి బిగించి, రెండుమారులు లాగి చూచెను.